ఎలుకల సంతాపసభలో ఒక కునుకు

ఉపన్యాసాలు తగ్గించాలి అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట!

సభ పెట్టారంటే చాలు, "ఈయన ఎంతసేపు వాయిస్తాడో" అని విసుక్కునేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కృతఘ్నులు! మనిషికి హాయిగా కునుకు పట్టే మాత్ర కోసం ప్రపంచంలోని పరిశోధనశాలలన్నీ కిందామీదా పడుతున్నాయి. మరోపక్క, ఒక్క గుక్క మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "ఈ సందర్భంగా రెండు మాటలు" అనగానే హాలు హాలంతటినీ నిద్రపుచ్చే మహానుభావులున్నారు. అలాంటివాళ్ళని పట్టుకుని తగ్గించమంటారా?

ఊరికే నోటికొచ్చింది రాస్తున్నానని అనుకోకండి. నేను పనిచేసేది కునుగిదాయ్ నిద్రా పరిశోధన కేంద్రంలో, ప్రచార విభాగంలో. కేంద్రంలో ఏం జరిగినా అంతా మన మంచికే అని రాయడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళుగా రాసీ రాసీ ఇప్పుడు నేనే నమ్మేస్తున్నాను.

ముందు కాస్త శాస్త్రం చెప్పుకుందాం. కంగారు పడకండి, నిద్ర వస్తే మంచిదే కదా! మెదడు అడుగున చిటికెడంత చోట కొన్ని వేల కణాలు కాపురముంటాయి. అవి ఒరెక్సిన్ అనే పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రోటీన్ తునకని, వదులుతుంటాయి. అది మెదడులోని వీధి వీధికీ వెళ్ళి తలుపులు తట్టి "లేవండి, లేవండి" అంటుంది. ఎలుక మేలుకున్నా, చేప మేలుకున్నా, మీరు ఈ వాక్యం చివరిదాకా మేలుకున్నా అంతా దాని చలవే. కడుపు కాలుతుంటే అది మరీ జోరుగా తిరుగుతుంది. ఆకలేసిన జంతువు ముసుగుతన్ని పడుకుంటే తిండి ఎవరు తెచ్చిపెడతారు? "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని ఆ రెండింటినీ ఒకే గాటన కట్టినవాళ్ళ దగ్గర మైక్రోస్కోపు లేకపోవచ్చు గాని, తెలివికేం తక్కువ లేదు.

మా కేంద్రంలో నెగిషి హిసాయో గారని ఒక పరిశోధకురాలున్నారు. ఆవిడ పెంచే ఎలుకల్లో కొన్నిటికి ఈ ఒరెక్సిన్ పుట్టుకతోనే లేదు. మామూలుగా చూస్తే ఏ తేడా తెలియదు. తింటాయి, తిరుగుతాయి, కొట్టుకుంటాయి. చిన్న చాక్లెట్ ముక్క పెట్టి చూడండి! మీసాలు ఎగరేసుకుంటూ పరుగున వస్తాయి, సగం దారిలో దభీమని పడిపోతాయి. బెదిరిస్తే అలా పడవు. ఆనందం పట్టలేకపోతేనే కాళ్ళు సడలి వాలిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు హిసాయో గారు నవ్వారట, రెండోసారి కళ్ళు తుడుచుకున్నారట.

ఆ ఎలుకల భోగం చూడాలి మీరు! వాటి గది తలుపు మీద "నిద్రపోతున్నాయి, చప్పుడు చేయకండి" అని పెద్దక్షరాల బోర్డు. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులు మార్చుకుని పిల్లుల్లా నడవాలి. పిల్లుల్లా అన్నానని వాటితో అనకండి. దీపాలు వేళకి వెలుగుతాయి, వేళకి ఆరిపోతాయి. ఒక్క ఎలుకని ఒక్క పూట అదనంగా మేలుకొలిపి ఉంచాలన్నా కమిటీ కూర్చుని "ఎందుకు? తప్పదా? పాపం కాదా?" అని నిలదీస్తుంది.

మనుషుల్ని మేలుకొలిపి ఉంచడానికి మాత్రం ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. చూశారా, మనుషులంటే మా కేంద్రానికి ఎంత నమ్మకమో!

ఎలుకలు రాత్రిళ్ళు మేలుకునే జీవాలు కాబట్టి హిసాయో గారు రాత్రిళ్ళు వాటితో మేలుకుంటారు. డైరెక్టరు కురొకోచి సెన్సే, అంటే గురువుగారు, పగలు మేలుకునే జీవి కాబట్టి పగలు ఆయనతో మేలుకుంటారు. సాయంత్రం సెన్సే గదిలో దీపం ఆరేదాకా మా దగ్గర ఎవరూ సంచీ సర్దరు. సర్దితే "ముందుగా వెళ్తున్నందుకు క్షమించండి" అనాలి. అది ఈ దేశంలో చిన్నపిల్లలకి కూడా వచ్చిన మాటే. కానీ గురువుగారు కూర్చునుండగా ఆ మాట అనడానికి గుండెలు కావాలి.

సెన్సే అంతంతసేపు ఏం చేస్తారంటే, తలుపు వేసుకుని కుర్చీలో కునికిపాట్లు పడతారు. "పిల్లలు పాపం ప్రాణం పెట్టి పనిచేస్తుంటే నేనెలా లేచి వచ్చేది?" అని ఇంట్లో వాపోతారట. ఆ సంగతి వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది. అంటే ఆయన వెళ్తే వెళ్దామని వీళ్ళు, వీళ్ళు వెళ్తే వెళ్దామని ఆయన! ఇంత చక్కటి పరస్పర గౌరవం ఇంకెక్కడైనా ఉందా?

హిసాయో గారికి ఫుకి అని ఐదేళ్ళ కూతురు. బాలబడిలో ఒకనాడు "మీ అమ్మానాన్నలు చేసే పని" బొమ్మ గీయమన్నారు. ఒక పిల్లాడు రొట్టెల దుకాణం గీశాడు, ఇంకో పిల్ల బస్సు గీసింది. ఫుకి మాత్రం నోరు తెరుచుకుని, చేతులు బార్లా చాపి పడుకున్న మనిషిని గీసింది. టీచరు కంగారుపడి "అమ్మకి ఒంట్లో బాగాలేదా తల్లీ?" అని అడిగింది.

"బాగానే ఉంది. అమ్మది నిద్ర ఉద్యోగం. ఇంట్లో కూడా చేస్తుంది. చాలా బాగా చేస్తుంది!" అంది ఫుకి, గర్వంగా.

పిల్ల తప్పేముంది? అమ్మ నిద్ర కేంద్రంలో పనిచేస్తుందని ఇంట్లో అంటారు. అమ్మ కంటపడేది ఆదివారం పొద్దున, అదీ పరుపు మీద. రెండూ కలిపి లెక్క తేల్చుకుంది.

జూలై మొదట్లో బాలబడి పిల్లల నాటకం వచ్చింది. ఫుకిది ఎలుక వేషం. కథలో రాజూ, మంత్రీ, కోడిపుంజుతో సహా అందరూ నిద్రలో ఉంటే ఎలుక వచ్చి "లేవండి, లేవండి, తెల్లారింది!" అని లేపాలి. ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్ని స్నానాల తొట్టిలోనూ, వంటింట్లోనూ పదిహేను రోజులు సాధన చేసింది.

"అమ్మా, నువ్వొస్తావా?"

"వస్తాను."

"పని మానుకుని?"

"పని మానుకునే వస్తాను," అని చిటికెనవేలు కలిపి ఒట్టేశారు హిసాయో గారు. ఈ దేశంలో పిల్లలతో వేసే ఆ ఒట్టు తప్పితే వెయ్యి సూదులు మింగాలి.

నాటకం సాయంత్రం ఐదున్నరకి. సరిగ్గా ఆ రోజే మా కేంద్రంలో ఎలుకల సంతాపసభ పడింది!

నవ్వకండి. ప్రయోగాల్లో ప్రాణాలు వదిలిన జంతువులకి ఏడాదికోసారి పువ్వులు పెట్టి దండం పెట్టుకోవడం మా దగ్గర పద్ధతి. తోటలో వాటి పేరున ఒక రాయి ఉంది. రాయికి చామంతులు, అగరొత్తులు, ఎలుకలకి పొద్దుతిరుగుడు గింజలు, చేపలకి మేత పొడి. నిజం చెప్పాలంటే ఏడాది మొత్తంలో మేము చేసే మంచి పని అదొక్కటే. సభ మధ్యాహ్నం రెండింటికి. ఆ వెంటనే సమీక్షా సమావేశం, సెన్సే లేచేదాకా. హిసాయో గారిది ఒప్పందం ఉద్యోగం. అది పొడిగించాలా వద్దా అన్నది సెన్సే తేల్చేది ఈ సమావేశం తరవాతే.

పొద్దున చామంతుల కట్ట విప్పుతూ ఆవిడ తన గోడు చెప్పుకున్నారు. విన్నది తొదొరోకి గారు. చేపల విభాగం. నోరు మంచిదే గాని ఊరుకోదు.

"కడుపునొప్పి అని చెప్పి వెళ్ళిపోండి నెగిషి గారూ."

"పోయినేడు మీరు చెప్పారుగా కడుపునొప్పి! సెన్సే మాత్రలు తెచ్చి, వేణ్ణీళ్ళ సీసా పొట్టమీద పెట్టి, మీకు నయమయ్యేదాకా పక్కనే కూర్చోలేదూ?"

"అవుననుకోండి. దాంతో నిజంగానే నొప్పి వచ్చింది. పోనీ ధైర్యం చేసి 'ముందుగా వెళ్తున్నందుకు క్షమించండి' అనేయండి."

"ఆ మాట మన దగ్గర చివరిసారి ఎవరన్నారో గుర్తుందా?"

"ఎందుకు లేదు? కమెయి గారు. బంగారం లాంటి మనిషి. ఇప్పుడు ఉత్తరాన మంచులో పీతల మీద పరిశోధన చేస్తున్నాడు."

"మరి?"

"పీతలూ మంచివేనండీ. సెలవులప్పుడు మాకూ పంపిస్తుండండి."

హిసాయో గారు ఆయన మీదికి చామంతి తొడిమ విసిరారు. నవ్వేశారు గాని, నవ్వు కళ్ళదాకా రాలేదు. ముందురోజు రాత్రంతా ఎలుకల దగ్గరే గడిచింది. పైగా సభ నడిపే బాధ్యత ఆవిడదే. గొంతు బాగుంటుందని అప్పజెప్పారు. గొంతు బాగుండటం ఎంత ప్రమాదమో చూడండి!

రెండయింది. నెత్తిమీద ఎండ, ఒంటిమీద నల్లకోట్లు. ఇక మొదలయ్యాయి నేను పొగడదలుచుకున్న ఉపన్యాసాలు.

ముందు డిప్యూటీ మేయరు గారు. వానల తరవాత హైడ్రాంజియా పువ్వుల రంగు గురించి మొదలుపెట్టి, ఊళ్ళో కొత్త వంతెన మీదుగా, ఎలుకల త్యాగందాకా వచ్చేసరికి వెనకవరస గడ్డాలు గుండెల మీదికి దిగాయి. "చివరగా ఒక్క మాట" అన్నారాయన. ఆ ఒక్క మాటకీ పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. తరవాత కురొకోచి సెన్సే. ఆయన రాయికేసి తిరిగి, ఎలుకల్ని మర్యాదగా "మీరు" అంటూ, ఒరెక్సిన్ కథ అంతా వాటికే వివరించారు. బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి! పాపం ఏ ఎలుకా లేచి వెళ్ళలేదు. మందు మోతాదు మించిపోయింది. నా సొంత ఒరెక్సిన్ తలుపులు తట్టీ తట్టీ అలిసిపోయి, ఏ గుమ్మంలోనో కూలబడింది.

హిసాయో గారు మాత్రం మేలుకునే ఉన్నారు. కాగితం చెవులు పెట్టుకున్న పిల్ల కళ్ళముందు కనబడుతోంది. అరచేతిలో గోళ్ళు గుచ్చుకుంటూ నిలబడ్డారు. సెన్సే ముగించగానే మైకు ముందుకొచ్చి, చక్కటి గొంతుతో అన్నారు:

"అందరం ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

అందరూ కళ్ళు మూశారు. ఆవిడా మూశారు.

పాఠకులారా, ఇక్కడొక్క సంగతి తెలియాలి. మౌనం మొదలుపెట్టిన మనిషే "మౌనం ముగిసింది" అనాలి. అనేదాకా కళ్ళు తెరవకూడదు. మరి అనవలసిన మనిషి నిద్రపోతే?

అదే జరిగింది! రెప్పలు అలా ఆనాయో లేదో, నిలబడ్డది నిలబడ్డట్టే, మైకు ముందు తల వంచుకుని, హిసాయో గారు నిద్రలోకి జారిపోయారు. ఎంత భక్తిగా కనిపించారో చెప్పలేను. చెప్పలేను, ఎందుకంటే నేను చూడలేదు. నా కళ్ళూ మూసే ఉన్నాయి.

నిలబడి నిద్రపోవడం ఎలా కుదురుతుందంటారా? పొద్దున్నే రైల్లో కడ్డీ పట్టుకుని నిద్రపోయి, దిగాల్సిన స్టేషన్లో టక్కున కళ్ళు తెరిచే జాతి మాది. గుర్రాలు మా దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి. కొందరు మేలుకునే ఉన్నారట. కానీ అందరికన్నా ముందు కళ్ళు తెరిచిన పాపిష్టి మనిషి తానెందుకవ్వాలని బిగబట్టుకుని, బిగబట్టుకుని, చివరికి వాళ్ళూ నిద్రపోయారట. డిప్యూటీ మేయరు గారి డ్రైవరు "ఎంతకీ రారేమిటి" అని వెతుక్కుంటూ వచ్చి, ఆ దృశ్యం చూసి, టోపీ తీసి వెనక వరసలో చేరిపోయాడు. పార్సిల్ తెచ్చిన కుర్రాడు పెట్టె కింద పెట్టి, చేతులు జోడించి, కళ్ళు మూశాడు. తొదొరోకి గారయితే ఇప్పటికీ "నేను నిద్రపోలేదు, చేపల్ని తలుచుకుంటున్నాను" అంటారు. గురక పెట్టింది చేపలేనేమో!

అగరొత్తులు బూడిదయ్యాయి. గింజలు పిచ్చుకలు తినిపోయాయి. సమీక్షా సమావేశం జరగాల్సిన గదిలో ఏసీ మాత్రం ఒంటరిగా తిరుగుతూనే ఉంది.

ఐదయింది. ఊరి మైకు మోగింది.

రోజూ ఐదింటికి మా ఊళ్ళో స్తంభం మీది మైకులో ఒక పాత బాణీ వస్తుంది. దాని వెంటే ఒక ఆడగొంతు "మంచి పిల్లలారా, ఇక ఇంటికి వెళ్ళండి" అంటుంది. మాలో అది వినకుండా పెరిగినవాళ్ళు లేరు. ఆ బాణీ వినబడితే బంతి వదిలేసి, ఆట వదిలేసి, మట్టి చేతులతో ఇంటికి పరుగెత్తేవాళ్ళం. కేంద్రంలో చేరాక ఎన్నేళ్ళుగా ఆ గొంతు వింటున్నామో, ఒక్కనాడూ ఒక్కరం కదల్లేదు. మేము మంచి పిల్లలం కాదు మరి, పెద్ద పరిశోధకులం!

ఆ రోజు నిద్రమత్తులో పదవులు, హోదాలు ఎవరికి గుర్తున్నాయి? ముందువరసలో కురొకోచి సెన్సే ఉలిక్కిపడి, కళ్ళు సగమే తెరిచి, గట్టిగా అరిచారు:

"వస్తున్నానమ్మా! చేతులు కడుక్కునే వస్తున్నా!"

అని గబగబా గేటుకేసి నడిచారు.

హిసాయో గారు కళ్ళు తెరిచేసరికి కనబడింది ఇదీ: గురువుగారి వీపు! ఇన్నేళ్ళ ఉద్యోగంలో గురువుగారు ముందు నడిచి గేటు దాటడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. పని ముగించి ఇంటికెళ్ళే పెద్దల్ని సాగనంపే మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"మౌనం ముగిసింది. అలిసిపోయారు సెన్సే, వెళ్ళిరండి!"

"వెళ్ళిరండి!" అని అందరూ నడుం వంచి నమస్కారం చేశారు. ఒక పక్కే ఎండ తగిలి అందరి ఎడమ చెంపలూ కందగడ్డల్లా ఉన్నాయి. గేటు దగ్గరికి వెళ్ళాక సెన్సేకి పూర్తి మెలకువ వచ్చింది. వెనక్కి తిరిగి చూశారు. ఇంతమంది నడుం వంచి సాగనంపుతుంటే మళ్ళీ లోపలికి రావడం ఏం మర్యాద? ఇంటికి వెళ్ళిపోయారు. వాళ్ళావిడ తలుపు తీసి, నుదుటిమీద చెయ్యేసి "జ్వరమా?" అందట.

గురువుగారు వెళ్ళిపోయాక క్షమాపణ ఎవరికి చెప్పాలి? ఎవరికీ అక్కర్లేదు! హిసాయో గారు సైకిలెక్కి, నల్లకోటు గాలికి ఎగురుతుంటే బాలబడికేసి తొక్కారు.

మర్నాటి సంగతి ముందే చెప్పేస్తాను. సెన్సే అందర్నీ పిలిచారు. హిసాయో గారు పీతలకి సిద్ధపడే వెళ్ళారు. సెన్సే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మూగజీవాల కోసం ఇంతసేపు, ఇంత నిష్ఠగా మౌనం పాటించిన కేంద్రం ఇంకోటి లేదు. నెగిషి గారూ, మీరు ఇక్కడే ఉండాలి," అన్నారు. ఏడాదికోసారి చేసే సభ ఇకనుంచి నెల నెలా చేయాలని కూడా శాసించారు. అందరం ఒక్క గొంతుతో "తప్పకుండా సెన్సే" అన్నాం. ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. డిప్యూటీ మేయరు గారిని ప్రతినెలా పిలవాలని తొదొరోకి గారే పట్టుబట్టారు.

అందుకే అంటున్నాను, ఉపన్యాసాలు తగ్గించకండి! పెంచండి! మనిషి పడుకోవాలంటే ఎలుక చచ్చిపోవాలి, ఎవరో ఒకరు మాట్లాడాలి. ఇంత సులువైన ఏర్పాటు ఉండగా, చీకటి పడితే ఇంటికి వెళ్ళి పరుపు మీద పడుకోవాలనే ఆ మొరటు పద్ధతి మనకెందుకు చెప్పండి?

ఇక నాటకం సంగతి. హిసాయో గారు చేరుకునేసరికి ఇంకా తెర లేవలేదు. ముందువరసలో, పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకుని కూర్చున్నారు. దీపాలు తగ్గించారు. ఫ్యాను చల్లగా తిరుగుతోంది. బూడిదరంగు చొక్కా, ఒకటి వంగిపోయిన కాగితం చెవులు, బుగ్గల మీద గీసిన మీసాలతో ఎలుక రంగం మీదికొచ్చింది. ముందువరసలో అమ్మని చూసింది. ముఖమంతా వెలిగిపోయింది.

అమ్మ ముఖమూ వెలిగింది. ఆవిడకి ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నవ్వారు. చెయ్యి ఊపబోయారు. చెయ్యి సగం లేచి, ఒళ్ళో వాలింది. మెడ పక్కకి ఒరిగింది. చాక్లెట్ దాకా చేరలేని ఆ ఎలుకల్లాగే. ఆకలితో మాడినవాడికి ఒక్క ముద్ద పెడితే ఆకలి తీరుతుందా, రేగుతుంది గాని?

"లేవండి, లేవండి, తెల్లారింది!" అంది ఫుకి, ఊపిరంతా కూడగట్టి.

రాజు లేచాడు. మంత్రి లేచాడు. కోడిపుంజు ఆలస్యంగా లేచి కూసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందువరసలో ఒక్కరు లేవలేదు.

ఫుకి రంగం అంచుకి వచ్చి, నాటకంలో లేకపోయినా, ఇంకోసారి చెప్పింది. ఈసారి చిన్నగా.

టీచరుకి మనసు చివుక్కుమంది. మెల్లగా వెళ్ళి హిసాయో గారి భుజం మీద చెయ్యి వేయబోయింది. పైనుంచి ఎలుక గబగబా చేతులు ఊపింది.

"లేపకండి టీచర్! పని మానుకుని వస్తానంది. పాపం, కుదరలేదు. పని ఇక్కడికే తెచ్చుకుంది."